రెండో థర్మామీటరు

జూన్ 9, సోమవారం

ఉదయం 11:20కి బయాప్సీ రిపోర్టు చేతికొచ్చింది. ఎడమ రొమ్ములో క్యాన్సర్, రెండో దశ. ముందు నాలుగు విడతల కీమో, తర్వాత ఆపరేషన్.

డాక్టరమ్మని చాలా ప్రశ్నలు అడిగాను. ఆవిడ ఒక్కటే అడిగింది, తోడు ఎవరొచ్చారని. బయట కూర్చున్నారని చెప్పాను. బయట కుర్చీలో నా సంచి ఉంది.

జూన్ 11

ఆఫీసులో చెప్పాను. ఎడిటర్ లేచి నిలబడ్డాడు. రిపోర్టర్లంతా ఒక్కసారిగా మర్యాదస్తులైపోయారు. కోర్టు వార్తలు నా బీటు, అది వేరేవాళ్లకిచ్చేసి, మీరు హాయిగా రెస్టు తీసుకోండి మేడమ్ అన్నారు. నిన్నటిదాకా ఒక్కడూ మేడమ్ అనలేదు.

డెస్కులో కత్తెర మాత్రం తలెత్తలేదు. సబ్ ఎడిటర్. ఇరవై రెండేళ్లుగా నేను రాసిచ్చిన కాపీ కోస్తున్నాడు, అందుకే ఆ పేరు. నీ ఐటమ్‌లో నాలుగో పేరా దండగ, తీసిపారేశా అన్నాడు. ఇవాళ నాతో మామూలుగా మాట్లాడింది అతనొక్కడే.

జూన్ 16

అక్క రోజూ ఫోన్ చేస్తోంది. బావ మంచాన ఉన్నాడు, వదిలి రాలేదు. నీ బతుకిలా అయిందేమిటే అని ఏడుస్తుంది. ఓదార్చడానికి నాకు అరగంట పడుతోంది. పెట్టేసే ముందు ధైర్యంగా ఉండమంటుంది.

జూన్ 23

మొదటి విడత. తోడు లేకపోతే మందు ఎక్కించేది లేదన్నారు. కింది ఫ్లాటావిడని బతిమాలి తీసుకెళ్లాను. ఆవిడ తోటికోడలికీ ఇదే జబ్బట. ఎలా పోయిందో మొదట్నించీ చెప్పింది.

జ్వరం నూరు పాయింట్ నాలుగు దాటితే ఆలోచించకుండా వచ్చెయ్యండమ్మా అని నర్సు రెండుసార్లు చెప్పింది.

జూలై 2, సాయంత్రం 4

థర్మామీటరు 101.2 చూపిస్తోంది. అమ్మ వాడినది, పాతది. ఒక్క సోర్సుతో నేనెప్పుడూ వార్త ఇవ్వలేదు. మెడికల్ షాపుకి వెళ్లి ఇంకోటి కొనాలి.

జూలై 5, ఆస్పత్రి

రెండోది షాపాయన పెట్టి చూస్తే 102.4 చూపించిందట. నేను చూడలేదు. షాపు మెట్ల మీదే పడిపోయాను. షాపాయన నా ఫోన్‌లో చివరి నంబరు నొక్కాడు. అది కత్తెరది. ఆ మధ్యాహ్నమే, పేపర్లో వచ్చిన ఒక తప్పు గురించి అతనితో పోట్లాడాను.

పేజీ మధ్యలో వదిలేసి వచ్చాడట. అతను పేజీ వదలడం నేనెన్నడూ చూడలేదు.

తెల్లకణాలు బాగా పడిపోయాయి, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవారు కాదని డాక్టరమ్మ అంది. అంతసేపు ఏం చేశారంది. కన్ఫర్మ్ చేసుకుంటున్నానన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. కత్తెరకి అర్థమైంది, అందుకే తిట్టాడు. నీ ఒంట్లో జ్వరానికి కూడా ఇద్దరు సాక్షులు కావాలా తల్లీ అన్నాడు. మీరు ఈవిడకేమవుతారని నర్సు అడిగితే, డెస్కు అన్నాడు.

ఇంటికెళ్లాక రోజూ పొద్దున ఎనిమిదికి అతను ఫోన్ చేస్తాడట, నేను కాపీ ఇవ్వాలట. లీడ్‌లో, మొదటి వాక్యంలోనే, టెంపరేచర్ ఉండాలి, మిగతాది తర్వాత. డెస్కువాళ్లు పదింటిదాకా లేవరు. నువ్వు ఎనిమిదికి లేచినట్టే అన్నాను. అది నీ బీటు కాదు అన్నాడు.

జూలై 8

98.6. కొంచెం నీరసంగా ఉందన్నాను. కొంచెమంటే ఎంత అన్నాడు. మంచం నుంచి వంటింటిదాకా గోడ పట్టుకుని నడిచానన్నాను. అదీ, అలా ఏడువు అని పెట్టేశాడు.

మిగతా రోజంతా నాతో మాట్లాడినవాళ్లు లేరు.

జూలై 14

రెండో విడత. కత్తెర వచ్చాడు. మందు ఎక్కుతున్నంతసేపూ పక్క కుర్చీలో పేపరు చదువుతూ తప్పుల కింద గీతలు గీసుకున్నాడు. పోయినవాళ్ల కథలు చెప్పలేదు.

జూలై 19

జుట్టంతా ఊడింది. నోటినిండా పుళ్లు. మంచినీళ్లు కూడా మండుతున్నాయి. పొద్దున చెప్పేశాను, ఇక నా వల్ల కాదు, మూడోది వద్దు, మానేస్తానని.

అది వార్త కాదు, అభిప్రాయం, ఎడిట్ పేజీకి పంపుకో అన్నాడు. ముందు టెంపరేచర్ చెప్పమన్నాడు.

99.1.

నవ్వితే పెదవి చిట్లింది. మానేస్తానో లేదో మాత్రం తేలలేదు.

జూలై 31

కత్తెర ఇవాళ రిటైరయ్యాడు. జనంలోకి వెళ్లొద్దన్నారు కాబట్టి నేను పోలేదు. ఎవరో ఫోటో పంపారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

ఆగస్టు 1

ఎనిమిది దాటింది. ఫోన్ రాలేదు.

ఆగస్టు 2

ఇవాళా రాలేదు. థర్మామీటరు చేత్తో పట్టుకుని కూర్చున్నాను. సోమవారం మూడో విడత. వెళ్లకపోతే అడిగేవాళ్లు లేరు. అక్కకి వెళ్లొచ్చానని చెబితే సరిపోతుంది. మానెయ్యడం ఇంత తేలికని తెలియదు.

ఇన్నేళ్లలో డెస్కు అడక్కుండా నేను కాపీ ఇచ్చింది లేదు. ఇవాళ నేనే ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు. 98.2 అన్నాను.

 నేనిప్పుడు ఏ డెస్కుని తల్లీ, నా కుర్చీ కూడా ఎవరికో ఇచ్చేశారు, ఏ మొహం పెట్టుకుని కాపీ అడగను అన్నాడు. రెండు రోజులూ తెల్లారకముందే మెలకువ వచ్చేసిందట. ఏం చెయ్యాలో తోచక ఫోన్ పక్కనే కూర్చున్నాడట.

నేను ఎవరికి ఇచ్చుకోను మరి అన్నాను.

పాయింట్ రెండేనా, సరిగ్గా చూశావా అన్నాడు.

రెండు థర్మామీటర్లతో చూశానన్నాను.

నువ్వు మారవు కదా అన్నాడు. గొంతు సవరించుకుని, నీరసం సంగతి చెప్పు, కొంచెం అన్నావంటే కోసేస్తా అన్నాడు.

ఆగస్టు 3, ఆదివారం

98.4. రెండిట్లోనూ.

రేపు నర్సు అడిగితే నేనేమవుతానని చెప్పనూ అన్నాడు. డెస్కే అన్నాను.

రేపు ఎనిమిదికి కాపీ. తొమ్మిదిన్నరకి మూడో విడత.