నిప్పట్ల డబ్బా

తిరుపతి, 3వ తేదీ

అమ్మకు, నేను బాగున్నాను. నువ్వు నూనెలో కాల్చే నిప్పట్ల డబ్బా బస్సులో పంపొద్దని ఫోన్లో చెబితే నువ్వు ఏడుస్తావు, నేను సరే పంపమంటాను. అందుకే కార్డు రాస్తున్నాను.

ఇరవయ్యో తేదీ పోలీసు ఉద్యోగానికి పరుగు పరీక్ష ఉంది. ఒళ్లు తగ్గాలని ఆదివారం అలిపిరి మెట్లెక్కాను. కొండమీద అన్నదానంలో మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను. "ఎక్కిన మెట్లన్నీ విస్తట్లోకే వచ్చేసినాయి గదమ్మే" అంది నా గదిలో ఉండే తేజస్విని. సోమవారం పరుగు సగంలోనే ఆగిపోయాను.

నాయన మోకాలి నొప్పి తగ్గిందా? మగ్గం దగ్గర ఎక్కువసేపు కూర్చోనివ్వకు.

డబ్బా బస్సెక్కిందని తెలిస్తే నేను బస్టాండుకు పోకుండా ఉండలేను. పంపనని పక్కింటి కోమలక్కతో రాయించి, పన్నెండో తేదీలోగా జవాబు వేయి.

నీ కూతురు
ఉదయలక్ష్మి