టేపు చుట్టిన బటన్

చెల్లాయ్,

బావ కుడిచెయ్యి రేకులు నొక్కే ప్రెస్సు కింద ఎలా నలిగిందని ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ అడిగితే, "ఎవర్నని ఏం లాభమండీ, మా తలరాత" అన్నావట. ఆయన హాయిగా అదే రాసుకుపోయాడు. "మీ చెల్లెలు బంగారమయ్యా" అని మేనేజర్ నా భుజం తట్టాడు. ఒళ్ళు మండిపోయింది.

ఏం తలరాతే? ఆ మెషిన్‌కి రెండు బటన్లుంటాయి. రెండు చేతులూ వాటిమీదుంటేనే ప్రెస్సు దిగాలి. పని త్వరగా తెమలాలని మేనేజర్ ఒక బటన్‌ని నొక్కిపెట్టి టేపు చుట్టెయ్యమన్నాడు. చుట్టింది నేను. విధీ లేదు గిధీ లేదని ఇరవయ్యేళ్ళు మీటింగుల్లో గొంతు చించుకున్నవాణ్ణి, ఆ పూట మాత్రం "పైవాళ్ళ ఆర్డరు, నేనేం చెయ్యగలను" అనుకున్నాను.

నిన్న ఆస్పత్రిలో బావ, "నువ్వేం చేస్తావులే బావా, నాకలా రాసిపెట్టుంది" అని నన్నే ఓదార్చాడు. చెప్పాల్సింది చెప్పకుండానే ఇంటికొచ్చేశాను. అందుకే ఈ ఉత్తరం. మీరిద్దరూ నన్నిలా వదిలేస్తే, నా వెనకాలే ఆ మేనేజరూ జారుకుంటాడు.

సోమవారం పదింటికి ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకెళ్ళి అంతా చెప్పేస్తాను. నువ్వూ రా. వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చో. ఫిర్యాదులో మేనేజర్ పేరు కింద నా పేరు నువ్వే చెప్పి రాయించు.

నీ అన్నయ్య