రెండు వేళ్ళ తేడా

10-4-1976, శనివారం

గాలం కర్ర వచ్చింది. మద్రాసు నుంచి వి.పి.పి., డబ్బు కట్టి విడిపించుకున్నాను. డిసెంబరులో ఆర్డరిస్తే ఇప్పుడొచ్చింది. మా ఆవిడ అమలమ్మ ఫిబ్రవరి పంతొమ్మిదిన పోయింది. కామెర్లు. పదకొండు రోజుల్లో అంతా అయిపోయింది.

కర్ర ఆమె కోసం కొన్నదే. కొల్లేటి పక్క పుట్టిన మనిషి. మా ఇంటి వెనక బందరు కాలవలో రోజూ గాలం వేసేది. నాది మలేరియా డిపార్ట్‌మెంటు, ఊళ్ళలో డి.డి.టి. కొట్టించే పని, నెలలో సగం క్యాంపులే. కిందటేడు ఒకసారి మైలవరం క్యాంపుకు తనూ వస్తానని బయల్దేరింది, చేతిలో ఆరడుగుల వెదురు గెడతో. గెడ బస్సులో కుదరదన్నాడు కండక్టరు. గెడతో పాటు తనూ దిగిపోయింది. బస్సు కదిలింది. నేను దిగలేదు, డ్యూటీ కదా.

ఆ తరవాత ఎక్కడో పత్రికలో ప్రకటన కత్తిరించి తెచ్చింది. ట్రావెల్ ఫిషింగ్ రాడ్. నాలుగు ముక్కలుగా ఊడి వస్తుంది, సూట్‌కేసులో పడుతుంది.

పట్టలేదు. నా సూట్‌కేసు రెండు వేళ్ళు పొట్టి. మూలగా పెడితే రీలు అడ్డం వచ్చి మూత పడలేదు.

11-4-1976, మట్టల ఆదివారం

గుడికి పోలేదు. కర్ర బిగించుకుని కాలవకు పోయాను. కాలవలో నీళ్ళు లేవు. వేసవిలో కాలవలు కట్టేస్తారని ఈ ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. ఎలా మరిచిపోయానో.

గుంటల్లో మిగిలిన నీళ్ళలో ఆడవాళ్ళు తట్టలతో చేపలు దేవుతున్నారు. నేను గట్టు మీద రీలు తిప్పుతూ నిలబడ్డాను. ఒకావిడ నన్ను చూసి, అంత యంత్రం దేనికండీ, దిగి చేత్తో పట్టుకోండి అంది. నాకు సిగ్గు కూడా వేయలేదు.

16-4-1976, గుడ్ ఫ్రైడే

ఉపవాసం. ఆకలి వేయలేదు. అంచేత ఇది ఉపవాసం కిందకు రాదేమో.

3-5-1976, సోమవారం

కంపెనీకి ఇంగ్లీషులో కంప్లయింటు టైపు చేశాను. మూడో ముక్క కీలు వదులు. రీలు పిడి బిగుసుకుపోతోంది. అన్నిటికన్నా ముఖ్యం, సూట్‌కేసులో పట్టదు. ఆ మాట కింద గీత గీశాను. రెండు పేజీలు వచ్చింది. ఆమె పోయాక నాకు ఉత్తరాలు రాసినవాళ్ళలో ఒక్కరికీ జవాబు రాయలేదు.

కర్ర బాగుండాలి. పనికిమాలినదైతే ఆమె ఆ కాగితం ముక్కను ప్రార్థన పుస్తకంలో పెట్టుకుని రోజూ చూసుకున్నది దేనికి?

9-5-1976, ఆదివారం

దుప్పటి కోసం అటక ఎక్కితే నీలం పెట్టె ఉండే చోటు ఖాళీగా ఉంది. గాభరా పడ్డాను. తరవాత గుర్తొచ్చింది. నలభయ్యో రోజు పూజ పెట్టించాక ఆమె చీరలు పెట్టెతో సహా ఆమె చెల్లెలు తెరేసమ్మకు ఇచ్చేశాను. మావాళ్ళలో అది వాడుక.

ఆ పెట్టె అమలమ్మ క్రిస్మస్‌కు ముందు వన్ టౌన్‌లో కొనుక్కొచ్చింది. ఇంట్లో ఉన్నది చాలదా, పుట్టింట్లో కాపరం పెడతావా అని అరిచాను. ఆమె పెట్టె అటక మీద పెట్టేసింది. రెండు రోజులు మాటల్లేవు. మా ఆఖరి పోట్లాట అది.

దేనికి కొందో ఇప్పటికీ తెలియదు.

20-6-1976, ఆదివారం

కాలవలు వదిలారు. ఎర్రనీళ్ళు. లాకుల దగ్గర పనిచేసి రిటైరైన బసవయ్యగారు పక్కనే కూర్చుని వెదురు గెడతో, నీళ్ళ మీద తేలే జొన్న బెండుతో పదకొండు జెల్లలు పట్టాడు. నేను గాలం విసిరిన ప్రతిసారీ కర్ర కొస ఊడి నీళ్ళలో పడింది. నాలుగుసార్లు మొలలోతు దిగి తెచ్చుకున్నాను. ఆయన కర్ర తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది సర్దుకోడానికి చేసిన కర్రండీ. చేపలు పట్టడానిక్కాదు."

రెండు జెల్లలు ఇవ్వబోయాడు. వద్దన్నాను. ఇంట్లో వండేవాళ్ళు లేరు.

26-6-1976, శనివారం

కంపెనీ జవాబు. వెనక్కి పంపితే డబ్బు ఇచ్చేస్తారట. పార్సిలు కట్టాను. సోమవారం పోస్టు చెయ్యాలి.

27-6-1976, ఆదివారం, మధ్యాహ్నం

ఇబ్రహీంపట్నం నుంచి తెరేసమ్మ వచ్చింది. బల్ల మీద పార్సిలు చూసి ఏమిటని అడిగింది. చెప్పాను. కీలు సంగతి, కొస సంగతి చెప్పాను. రెండు వేళ్ళ తేడాతో నా సూట్‌కేసులో పట్టలేదని కూడా చెప్పాను. ఆమె నవ్వబోయి ఆగింది.

"మీ పెట్టెలో ఎందుకు పడుతుంది బావగారూ? అక్క నీలం పెట్టె కొన్నది దానికే గదా. నేనూ పక్కనే ఉన్నా. కాయితంలో కర్ర కొలత చూసుకుని, కొట్లో పెట్టెలన్నీ జానలేసి కొలిచింది. మూడు జానలు. మీ పెట్టంతా డి.డి.టి. కంపంట, నా చీరలూ కర్రా నా పెట్టెలోనే పెట్టుకుంటానంది."

అమలమ్మ నాకెందుకు చెప్పలేదని అడిగాను. కర్ర వచ్చాక చెబుదామని ఊరుకుందట. ఈలోపల నేను అరిచానట.

తెరేసమ్మ వెళ్ళిపోయాక అన్నం వండుకున్నాను. తిన్నాను. గిన్నెలు కడిగాను. అప్పుడు ఏడుపొచ్చింది. నాలుగు నెలల తరవాత.

28-6-1976

పోస్టాఫీసుకు పోలేదు.

4-7-1976, ఆదివారం

తెరేసమ్మ భర్త మరియదాసు నీలం పెట్టె తెచ్చి ఇచ్చాడు. ఖాళీ పెట్టె. కాఫీ తాగి పొమ్మంటే పనుందని వెళ్ళిపోయాడు. పార్సిలు విప్పాను.

5-7-1976, మైలవరం క్యాంపు

నీలం పెట్టెలో కర్ర పట్టింది. కండక్టరు ఎవర్నీ దిగమనలేదు.