ఇల్లు లేని చూరు

పాలమూరు,
1945, వైశాఖం.

ప్రియమైన చెల్లె బాలనర్సమ్మకు అన్న కురుమయ్య దీవెనలు.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. షోలాపూర్‌లో మిల్లు కష్టం మీకుండగా ఇది కూడా దేనికని. కానీ నేను రాయకపోతే ఇంకెవరో చెబుతారు, అదీ నాలుగు అబద్ధాలు కలిపి. అందుకని అబద్ధం లేకుండా రాస్తున్నాను. మన ఇల్లు లేదు. మేమే కూలగొట్టుకున్నాం.

కొత్త గంజ్‌కు పోయే రోడ్డు మన గల్లీ మీదుగా వస్తుందని సర్వే వాళ్ళు గోడల మీద సున్నం గీతలు గీశారు. తర్వాత ఒక చప్రాసీ వచ్చి బీడీ ముట్టించుకుని చెప్పాడు: "సర్కారు కూలగొడితే దూలాలు, దర్వాజలు సర్కారుకే పోతయ్. ముందుగాల మీరే ఇప్పుకుంటే మీయి మీకు." ఆ బీడీ ఇచ్చింది నేనే, అగ్గిపుల్ల కూడా. మరునాడు లీలమ్మ ఇంటి పెంకలు దిగాయి. ఆమెను చూసి బీరన్న, బీరన్నను చూసి నేను. పెళ్ళిపందిరి వేసేంత హడావుడిగా గల్లీ గల్లీ అంతా కూలగొట్టుకున్నాం.

మన దర్వాజ గుర్తుందా? వనపర్తి సంతలో కొని, దారిలో బండి విరిగితే నెత్తిన పెట్టుకొచ్చానని నాయిన చెప్పేవాడు. నెత్తిన మోసింది మేనమామ. నాయిన ముందు నడిచి దారి చూపించాడు. ఆ దర్వాజ ఇప్పుడు కిరాయి ఇంట్లో గోడకు ఆనుకుని ఉంది. మీ వదిన దాని మీద చీరలు ఆరేస్తోంది.

అసలు సంగతి చివరికి తోస్తున్నాను, నా అలవాటే అది. తొలి కాన్పుకు వచ్చినప్పుడు నువ్వు కని, పురిట్లోనే పోగొట్టుకున్న కొడుకున్నాడే, వెనక చూరు కింద వాడున్న చోట గడ్డపార తగలనివ్వలేదు. అమ్మ వాణ్ణి అక్కడ పాతిపెట్టి, "చూరునీళ్ళు పడుతుంటె బిడ్డ మల్ల గా కడుపుకే వస్తడు" అన్నది నేను మరిచిపోలేదు. ఇప్పుడు వాడున్నాడు, చూరు లేదు. ఏం చెయ్యమంటావో రాయి.

నీ అన్న,
కురుమయ్య


షోలాపూర్,
జ్యేష్ఠం.

ప్రియమైన అన్నకు చెల్లె శనార్తులు.

నువ్వు నేర్పిన అచ్చరాలతోనే రాస్తున్న, తప్పులుంటె దిద్దుకొని చదువు. ఇల్లు పోతె పోయింది. వానకాలం వచ్చినంక ఆడ నీళ్ళెట్ల పడతయో గది చెప్పు. మొగులు నీళ్ళు అంతట పడతయి, గవి చూరునీళ్ళు కావు. మా పక్కింటామె నాకంటె పెద్దది, నిరుడు కన్నది. నాకింక టైమున్నది అన్నా. రోడ్డేస్తె వాని మీదికెళ్ళి బండ్లు పోతయా? నువ్వు నవ్విస్తున్నవు గని నాకు నవ్వొస్తలేదు.

నీ చెల్లె,
బాలనర్సమ్మ


పాలమూరు,
శ్రావణం.

ప్రియమైన చెల్లెకు దీవెనలు.

బండ్లు పోవు. రోడ్డు స్టేషన్ అవతలి వైపుకు మారిపోయింది. మా సంగతేమిటని అడగడానికి కచేరీకి పోతే గుమాస్తా తల ఎత్తకుండానే, "కూలగొట్టుమని మేం రాసిచ్చినమా?" అన్నాడు. రాసివ్వలేదు, అది నిజం. చప్రాసీ కోసం వెతికాను. బదిలీ అయిందట.

ఇప్పుడు మన గల్లీలో ఈ కొసన నిలబడితే ఆ కొస కనబడుతుంది. నేలలో పాతిన రోళ్ళు మాత్రం మిగిలాయి. వాటిలో వాననీళ్ళు నిలిస్తే పిచ్చుకలు తాగుతున్నాయి. పాత గోడల మన్ను చేనుకు బలమని రైతులు బండ్లు కట్టుకొచ్చి తోలుకుపోయారు. మళ్ళీ కట్టుకునే శక్తి ఎవరికీ లేదు. దాచుకున్న దూలాలు సగం మంది అమ్ముకుని తిన్నారు. మన జాగాలో మాత్రం తట్టెడు మన్ను కూడా తియ్యనివ్వలేదు.

చూరు సంగతి. రెండు గుంజలు పాతి, మీద వాసం కట్టి, పెంకలు వాలుగా పరిచాను. కింద గోడ లేదు, వెనక ఇల్లు లేదు. బీరన్న వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

"కురుమన్నా, లోకమంత ఇల్లు కట్టి చూరు దింపుతది. నువ్వు చూరుకాడికెళ్ళి మొదలువెట్టినవు. ఇల్లెన్నడే?"

"నీ పెంకలు బదులియ్యి, రేపే."

ఎందుకు కట్టానో చెప్పలేదు. మొన్నటి వానకు గొంగడి కప్పుకుని నిలబడి చూశాను. నీళ్ళు సరిగ్గా వాడి మీదే పడ్డాయి. జలుబు చేస్తుందంది మీ వదిన. చేసింది.

నీ అన్న,
కురుమయ్య


షోలాపూర్,
భాద్రపదం.

ప్రియమైన అన్నకు శనార్తులు.

చదివి మస్తు ఏడ్చిన, మీ ఆయన కొట్టిండా అని పక్కింటామె వచ్చి అడిగింది. గా చూరు కింద ఇంకేది పెట్టనియ్యకు. బర్రెను కట్టనియ్యకు, పిడకలు పెట్టనియ్యకు. గా నీళ్ళు వానియే, ఇంకెవ్వరియి కావు. ప్రతి వానకాలం పడ్డయో లేదో రాయి. నేను చూస్తుంట.

నీ చెల్లె,
బాలనర్సమ్మ


పాలమూరు,
1948, ఆషాఢం.

ప్రియమైన చెల్లెకు దీవెనలు.

తపాలా మీద నమ్మకం లేక దీన్ని బీరన్న మేనల్లుడి చేత పంపుతున్నాను. ఈ ఏడు కూడా నీళ్ళు పడ్డాయి. అది ముందు రాసేశాను. ఇక రెండో మాట.

మన గల్లీలోని ఖాళీ జాగాలన్నీ నిండిపోయాయి. ఆత్మకూర్ వైపు పల్లెల నుంచి జనం చాపలు, చీరలు అడ్డం కట్టుకుని దిగారు. ఎవరి భయానికి వచ్చారో కాగితం మీద రాయను, ఊళ్ళు కాలుతున్న సంగతి నీకూ తెలిసే ఉంటుంది. మా తెలివితక్కువతనం ఇన్నేళ్ళకు ఎవరికో పనికొచ్చింది.

మన జాగాలో జంగమ్మ అనే ఆమె, ఆమె అత్త ఉంటున్నారు. చూరును చూసి అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు. పైకి చూసి, కిందికి చూసి, "ఎవరున్నరు ఈడ?" అంది.

"మా చెల్లె కొడుకు" అన్నాను. ఇన్నాళ్ళలో అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

పారిపోయి వస్తుంటే దారిలో ఆమె చంటిబిడ్డ జ్వరంతో పోయిందట. ఆగితే దొరికిపోతామని చేనుగట్టు మీదే పాతి, అక్కడి మన్ను గుప్పెడు కొంగున ముడేసుకుని వచ్చింది.

"గట్టు మీద చూరేడిది పెద్దయ్యా. గీ మన్నన్న నీ చూరు కింద పెట్టనియ్యి. నా బిడ్డకు తొవ్వ దొరుకుతది."

"అడిగి చెబుతా" అన్నాను.

"ఎవలనడుగుతవు?"

"షోలాపూర్‌ను."

అదేదో అమ్మవారనుకున్నట్టుంది, దండం పెట్టింది.

ఏదీ పెట్టనివ్వద్దని నువ్వన్నావు. ఒకే నీళ్ళు ఇద్దరి మీద పడితే ఎవరు ఏ కడుపుకు వస్తారో నాకు తెలియదు. అమ్మ ఉంటే అడిగేవాణ్ణి. నువ్వు కాదంటే ఆమెకు కాదనే చెబుతాను. అందాకా ఆమె ఆ కొంగు తడవకుండా చీర ఉతుక్కుంటోంది.

నీ అన్న,
కురుమయ్య


షోలాపూర్,
ఆశ్వయుజం.

ప్రియమైన అన్నకు శనార్తులు.

నీ ఉత్తరం అందెటాలకు దసరా వెళ్ళింది. గా జంగమ్మ ఇంక ఆడున్నదో లేదో.

నీకొక మాట చెప్పలే. నాకు పిల్లలయ్యే ఈడు దాటిపోయింది. ఏండ్లయితాంది. ఆడోళ్ళకు తెలుస్తది. రాద్దామని కాగితం తీసుకుంటె, నువ్వు "నీళ్ళు పడ్డాయి" అని రాస్తివి. గా ముక్క చదవనీకె ఏడాదంత చూస్తుంటి. చెప్తె నువ్వు చూరు పీకేస్తవని ఊకున్న.

వాడొచ్చినా నా కడుపుకు రాలేడు. ఆమె ఇంక వయసుల ఉన్నది. పక్కనే పెట్టనియ్యి. ఇద్దరిల ఎవరొచ్చినా ఆమెకే రానియ్యి. వాడే వస్తె ఆమెకు తెల్వది, నాకూ తెల్వది. నీళ్ళు మాత్రం పడనియ్యి.

నీ చెల్లె,
బాలనర్సమ్మ


పాలమూరు,
కార్తీకం.

ప్రియమైన చెల్లెకు దీవెనలు.

నువ్వు ముందే చెప్పినా చూరు తీసేవాణ్ణి కాదు.

సర్కారు మారింది. కచేరీలో గుమాస్తా మారలేదు. గుడిసెలు చాలావరకు లేచిపోయాయి. జంగమ్మ మాత్రం ఉంది. "ఊరికి పోదాం పా" అని అత్త పోరుతుంటే, "షోలాపూర్ చెప్పినంక" అంటోందట. "పెట్టుకొమ్మన్నది" అని చెప్పాను. తక్కిందేదీ చెప్పలేదు.

ముడి విప్పితే మన్ను సగమే ఉంది. వాడి పక్కన పెట్టింది. చూరు అక్కడిదాకా రాలేదు. బీరన్నను అడిగితే పెంకలు తెచ్చి, ఎందుకని అడగకుండా తనే పరిచాడు.

ఆదివారం వాళ్ళు బండెక్కి పోయారు. మంగళవారం కొద్దిగా వాన పడింది. ఒక పెంక జారితే ఎక్కి సర్దాను.

నీ అన్న,
కురుమయ్య