గట్టు పక్క దిష్టిబొమ్మ

బ్రిన్‌వెల్, నవంబరు 1883

ఇంజన్ల సూపరింటెండెంటు ట్విగ్ దొరగారికి, రైలుగట్టు పక్క గుడిసె నుంచి కెజయా ప్రాసర్ వినయంగా రాసుకునేది.

మా గట్టు ఎక్కేటప్పుడు మీ పాత గూడ్సింజను నా బాతుకంటే నెమ్మదిగా నడుస్తుంది. దానికేమో ఊపిరాడదు, డ్రైవరు ఈనక్ టడ్జ్‌కేమో చేతులు ఖాళీ. నా క్యాబేజీ మడిలో దిష్టిబొమ్మ మీదికి బొగ్గు పెళ్ళలు విసురుతాడు. నిన్న గురి తప్పి వంటింటి కిటికీ పగిలింది. కాస్త చెప్పండి.

మీ విధేయురాలు,
కెజయా

తా.క. కిటికీ కంతలో మా అత్తగారి లంగా కుక్కాను. ఆవిడ ఇంకా తిడుతూనే ఉంది.

*

శ్రీమతి ప్రాసర్ గారికి,

మీ ఉత్తరం చూసి సిగ్గుతో తల వంచుకున్నాను. ఇకమీదట మీ మడిలో ఒక్క పెళ్ళ కూడా పడదు. గట్టిగా ఆజ్ఞ వేశాను.

భవదీయుడు,
హెచ్. ట్విగ్

తా.క. అద్దం బిగించే మనిషి వస్తాడు. లంగాకు కంపెనీ బాధ్యత లేదు.

*

ట్విగ్ దొరగారికి,

ఎంత పని చేశారండీ! విసరొద్దని ఎవరు చెప్పమన్నారు? గురి చూసి విసరమని కదా చెప్పమన్నాను! పొయ్యిలో పిల్లి లేవడం లేదు. అత్తగారి దగ్గు గట్టు దాకా వినిపిస్తోంది. ఈనక్ పెళ్ళికొడుకులా తల తిప్పకుండా పోతున్నాడు.

చలికి వణుకుతూ,
కెజయా

తా.క. మీ ఆజ్ఞకి ముందు, బొమ్మకి పొడుగు టోపీ, తెల్ల చెంపమీసాలు పెట్టాక పెళ్ళలు రెట్టింపయ్యాయి. ఎందుకో మరి.

*

శ్రీమతి ప్రాసర్ గారికి,

పొడుగు టోపీ, తెల్ల చెంపమీసాలు ఈ కంపెనీలో నాకొక్కడికే ఉన్నాయి. అంటే కంపెనీ బొగ్గుతో నన్నే కొడుతున్నారన్నమాట! ఈనక్‌ను విచారణకు పిలిచాను. శుక్రవారం వాడి ఉద్యోగం ఊడుతుంది. బొగ్గంతా తిరిగి అప్పగించండి.

హెచ్. ట్విగ్

తా.క. బొమ్మకు ముక్కుగా టర్నిప్ దుంప పెట్టారని ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్ అంటున్నాడు. అబద్ధమని రాయగలరు.

*

దొరగారికి,

బొగ్గు కాలిపోయింది. కావాలంటే దగ్గు పంపగలను.

ఈనక్‌ని ఏమీ అనకండి, మీ కాళ్ళు పట్టుకుంటాను. మా ఆయన మీ పట్టాలు బాగుచేసే ముఠాలో పనిచేసి, పోయిన చలికాలంలో పోయాడు. ఈనక్ బుట్టెడు బొగ్గు తెస్తే, మా అత్త గుమ్మంలోనే ఆపేసింది. "ముష్టి నా గడప తొక్కదు, పో!" అంది. అతను నన్ను పక్కకి పిలిచి, "ఇస్తే ముష్టి అంటుంది వదినా, విసిరితే అల్లరి అంటుంది. ఓ దిష్టిబొమ్మని నిలబెట్టు, తక్కింది నాకొదిలెయ్" అన్నాడు. అప్పట్నుంచీ ఆవిడ అతన్ని నోరారా తిడుతూ, ఆ బొగ్గుతోనే చలి కాచుకుంటోంది.

కెజయా

తా.క. టర్నిప్ మాట నిజమే.

*

శ్రీమతి ప్రాసర్ గారికి,

గురువారం నేనే ఆ ఇంజనెక్కి వచ్చాను. గట్టు మీద అది పడే అవస్థ చూశాను. "ముసలిదండీ, కుదుపులకి బొగ్గు దానంతటదే జారిపోద్ది" అన్నాడు ఈనక్. నిజమేనని రాసి విచారణ ముగించాను.

కొత్త ఇంజను కావాలని ఏళ్ళుగా మొత్తుకుంటున్నా మా ఛైర్మన్ సర్ అగస్టస్ చెవిన పెట్టడు. ఆయన పాత టోపీ ఒకటి సంపాదించి పంపుతున్నాను. ఆయనకు చెంపమీసాలుండవు, గుబురు గడ్డం. బొమ్మను తగువిధంగా మార్చగలరు.

మీ స్నేహితుడు,
హొరేషియో ట్విగ్

తా.క. శనివారం మళ్ళీ ఆ ఇంజనెక్కుతున్నాను. పెద్ద పెళ్ళలు నాకు వదలమని ఈనక్‌తో చెప్పాను.