పొయ్యి పక్కన మొదటి ముక్క

సరోజా, నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. ఎవరికీ చెప్పకుంటే ఈ సంతోషం నాలో ఆగేటట్టు లేదు. నిన్న నీ సంవత్సరీకం అయింది. నువ్వు పోయినప్పటి నుంచి వంటింటి గడప తొక్కని మన రజిత, ఈరోజు తనే వచ్చి పొయ్యి వెలిగించింది.

"నీ మెతుకుడకని అన్నం తిని తిని నోరు సచ్చింది బాపు. జర జరుగు," అంది. నన్ను కొడకండ్లకు పంపి బ్రెడ్డు తెప్పించింది. ఫోన్లో చూసి ఇటలీ వాళ్ల వంట చేసింది. బ్రుషెట్టా అట. చూస్తే ఏడుస్తుందని నేను దాచిన నీ జొన్నరొట్టెల పెనం అడిగి తీసుకుంది. దాని మీద బ్రెడ్డు ముక్కలు కరకరలాడేటట్టు కాల్చి, వేడి మీదనే పచ్చి ఎల్లిగడ్డ రెబ్బతో రుద్దింది. సన్నగా తరిగిన టమాటాల్లో పల్లినూనె, కొత్తిమీర కలిపి పైన పెట్టింది. ఎంత బాగున్నాయో సరోజా! నా కళ్లలో నీళ్లు చూసి ఏమైందని అడిగితే ఎల్లిగడ్డ ఘాటన్నాను.

తినేటప్పుడు చూశాను. పొయ్యి ఆకలితో ఉండొద్దని నువ్వు మొదటి రొట్టె పెట్టే చోట, పొయ్యి పక్కన ఒక ముక్క ఉంది.

"గది ఎవరికి బిడ్డా?"

రజిత దానివైపు చూసింది. "నేను పెట్టినట్టు యాదికి లేదు బాపు," అంది.

ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ముక్కను ఇద్దరమూ ముట్టలేదు. సాయంత్రం రజిత వంటింటి తలుపు వెయ్యబోయింది.

"తెరిచే ఉండనీ బిడ్డా," అన్నాను.

రజిత తలుపును గోడదాకా తెరిచిపెట్టింది.