మెల్లగా పాడిన చోటు

నవంబరు 1996, మంగళవారం రాత్రి
స్మృతి నగర్

మా భజన బృందం క్యాసెట్‌కి, కాపీలు తీసే మాస్టర్ టేపు నేనే తయారుచేశాను. తాళాలు సరిగ్గా వినబడటం లేదని అన్నింటి శబ్దాన్నీ పెంచుకుంటూ పోయాను. మీటరు ముల్లు ఎర్రగీత దాటి అక్కడే ఉండిపోయినా నాకు అదే హాయిగా అనిపించింది.

ఈరోజు అది విని, పాడిన సీతక్కే చెవులు మూసుకుంది.

"ఇదేటి తమ్ముడూ, పాటంతా ఒకటే గోల! నాను మెల్లగా పాడిన చోటేదీ? తాళాలు రేకు గీకినట్టున్నాయి. నీకు ఇనబడ్డం లేదేటి?"

లేదు. నాకు పాట బాగానే ఉంది. అదే భయం. ఉక్కు కర్మాగారం రోలింగ్ మిల్లులో ఇన్నేళ్లూ పనిచేస్తూ, ఆ మోతకి చెవుల్లో దూది పెట్టుకున్నవాళ్లని చూసి నవ్వాను.

ఇప్పుడు కాగితానికి చెవి దగ్గరగా పెట్టి రాస్తున్నాను. అక్షరాలు పడుతున్నాయి. కలం గీసుకునే చప్పుడు మాత్రం లేదు.